లీవరుకు తగిలించిన క్యారియరు

రైల్వే కాలనీలో ఆమెను పన్నెండింటావిడ అనేవారు. చేతిలో క్యారియరుతో ఆమె గుమ్మం దిగిందంటే పొయ్యి మీది అన్నం దించుకోవచ్చని చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ధీమా. గోడ గడియారాలు అప్పుడప్పుడు ఆగేవి. ఆమె ఆగేది కాదు. క్వార్టర్ల మధ్య సందు, సందు చివర నీళ్ల ట్యాంకు, ట్యాంకు దాటితే బొగ్గు బూడిద పోసిన కాలిబాట, బాట చివర ఉత్తరపు కేబిను. చెక్కమెట్లు ఎక్కి గుమ్మం దగ్గర నిలబడేది. గుమ్మం మీద పలక ఉంది: పనిలేనివారు లోపలికి రారాదు. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త ఆ పలకను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఆమెకు చదివి వినిపించాడు. ఆమెకు చదవడం వచ్చు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అతను ఆ కేబిన్లో లీవర్‌మ్యాన్. కేబిను అంటే మేడ మీద పొడుగాటి గది. ఒక పక్కంతా అద్దాల కిటికీలు, వాటి ముందు ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా ఇనప లీవర్లు. ఒక్కో లీవరుకి అడుగున ఒక తీగో కడ్డీయో ఉంటుంది. ఇక్కడ లాగితే ఎక్కడో దూరాన ఒక పట్టా పక్కకు జరుగుతుంది, లేదా ఒక సిగ్నలు చెయ్యి దించుతుంది. గుమ్మంలోంచి చూసే ఆమెకు అవన్నీ ఒక్కలాగే కనిపించేవి.

మూడు వైపుల నుంచి లైన్లు వచ్చి కలిసే జంక్షను అది. ఒక బండికి దారి ఇవ్వడానికి ఇంకో బండిని పక్కకు తప్పించే లైనును లూపు అంటారు. అక్కడి లూపు నీళ్ల ట్యాంకు వెనక వంపు తిరుగుతుంది. వంపు అవతల గూడ్సు ఆగి ఉంటే కేబిన్లోంచి తోక కూడా కనిపించదు. ట్యాంకు ముందు కట్టారా, వంపు ముందు వేశారా అని పాతవాళ్లు టీ తాగుతూ వాదించుకునేవారు. ఎవరు ముందైనా కనిపించకపోవడం మాత్రం కనిపించకపోవడమే.

కనిపించని బండిని మనిషి గుర్తుపెట్టుకోవాలి. అందుకని పైవాళ్లు ఇనప ఉంగరాలు పంపారు. లూపులో బండి ఉన్నంతసేపూ లూపు లీవరు పిడికి ఉంగరం తొడిగి ఉంచాలి. మరిచి చెయ్యి వేస్తే ఉంగరం తగిలి గుర్తు చేస్తుంది. ఉంగరాలు తుప్పు పట్టాయి. తొడిగితే ఊడేవి కావు, ఊడితే మళ్లీ తొడగడానికి వచ్చేవి కావు. కొత్తవి కావాలని రాస్తే, పాతవి ఏం చేశారని జవాబు వచ్చింది. దాంతో ఉత్తరపు కేబినువాళ్లు ఉంగరం బదులు క్యారియరు తగిలించడం మొదలుపెట్టారు. పొద్దున ఫలహారంతో వెళ్లిన చిన్న క్యారియరు ఖాళీ కాగానే లీవరు ఎక్కేది. మధ్యాహ్నం ఆమె పెద్ద క్యారియరులో అన్నం తెచ్చి ఇచ్చి, చిన్నది ఇమ్మంటే, లూపులో బండి ఉంటే అతను, "ఉండనీ. అది డ్యూటీలో ఉంది" అనేవాడు.

దక్షిణపు కేబిన్లో పనిచేసే ఆయన ఒకడు ఉండేవాడు. మాటకు ముందు ఈల వేసే అలవాటు వల్ల అందరూ ఈలాయన అనేవారు. ఆమెను దారిలో చూస్తే, "చెల్లెమ్మా, మీ క్యారియరుకి యూనిఫారం కుట్టించమని మావాడితో చెప్పు, పాపం ఒంటి మీద ఏమీ లేకుండా నిలబడుతోంది" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ రోజుల్లో ఆమె నవ్వేది.

ఇక ఆ రోజు సంగతి.

ముందు రోజు సాయంత్రం వెనక వరస ఇంట్లో ఉండే గూడ్సు గార్డు పెళ్లాం వచ్చింది. వాళ్ల క్యారియరు పిడి ఊడిపోయిందట, భర్త పొద్దున్నే బండెక్కాలట. "ఒక్క రోజుకివ్వు వదినా, తోమి మరీ ఇస్తాను" అంది. ఆమె చిన్న క్యారియరు ఇచ్చింది.

పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ భర్త చిన్న క్యారియరు కోసం చూశాడు.

"ఏదది?"

"గార్డుగారింటికిచ్చానండీ. రేపు తెచ్చిస్తుంది."

"నా సామాను నువ్వెవతివి ఊరికి పంచడానికి?"

"ఒక్క రోజే కదాని..."

"రేపు నన్ను కూడా ఇచ్చెయ్. ఒక్క రోజే కదా."

తినకుండా వెళ్లిపోయాడు. ఆమె ఫలహారం పెద్ద క్యారియరులో సర్ది వెనకే వెళ్లింది. గుమ్మంలోంచి అందించింది. అతను ముఖం చూడకుండా అందుకున్నాడు.

మధ్యాహ్నానికి అన్నం, కూర అయ్యాయి. పెట్టడానికి క్యారియరు లేదు. ఖాళీది తెచ్చుకుని, నింపి, మళ్లీ పట్టుకెళ్లాలి. ఆమె వట్టి చేతులతో బయల్దేరింది. వట్టి చేతులతో పోతుంటే పక్కింటామె, "ఇవాళ గంట కొట్టకుండానే పోతున్నావే" అంది కూడా.

మెట్లెక్కి గుమ్మంలో నిలబడింది. భర్త, గది ఆ చివర గోడకున్న ఫోను దగ్గర, వీపు ఇటు పెట్టి, గట్టిగా ఏదో చెబుతున్నాడు. క్యారియరు ఇటు చివర, గుమ్మాన్ని ఆనుకుని ఉన్న కిటికీ పక్కన, ఒక లీవరుకి తగిలించి ఉంది. లీవరు మీదున్న క్యారియరును ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. కానీ అన్నం పెట్టడానికి ఉన్నది అదొక్కటే. పిలుద్దామనుకుంది. పిలిస్తే పొద్దుటి గొడవ మళ్లీ ఎత్తుకుంటాడు. గుమ్మం దాటకుండానే చెయ్యి చాచి తీసింది. పిడి ఎండకు కాలిపోతోంది. చేతిగుడ్డ చుట్టి పట్టుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చి కడిగి, అడుగు గిన్నెలో అన్నం పెట్టి, పై గిన్నెలో కూర వేస్తుండగా ముందు నేలకు తెలిసింది, తరవాత చెవులకు. అలమరలో గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. ఆ తరవాత కాసేపు ఏ చప్పుడూ లేదు.  తరవాత అరుపులు.

లూపులో గూడ్సు నిలబడి ఉంది. లూపు ఖాళీ అనుకుని అతను పాసింజరును అందులోకి తీసుకున్నాడు. వంపు తిరిగేదాకా పాసింజరు డ్రైవరుకి గూడ్సు కనిపించలేదు. గూడ్సు చివరి పెట్టె బ్రేకు వ్యాను. అందులో ఆ వెనక వరస ఇంటి గార్డు కూర్చుని అన్నం తింటున్నాడు. అతనూ, పాసింజరు మొదటి పెట్టెలోని చాలామందీ పోయారు. చిన్న క్యారియరు తిరిగి రాలేదు. దాని గురించి ఎవరూ అడగలేదు.

భర్త మరునాటి సాయంత్రం ఇంటికొచ్చాడు. అప్పటిదాకా ఎవరెవరో ఏవేవో అడుగుతూ కూర్చోబెట్టారు. వంటింటి గట్టు మీద పెద్ద క్యారియరు అలాగే ఉంది, మూత పెట్టి, లోపల పాచిపోయిన అన్నంతో. అతను దాని ముందు నిలబడ్డాడు.

"దీన్ని నువ్వు తెచ్చావా?"

"తెచ్చానండీ. అన్నం పెడదామని."

"లీవరు మీంచి తీశావా?"

"తీశాను."

అతను పీట లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు ఆమె ముఖంకేసి చూశాడు. ఆ చూపులో ఏదో మెల్లగా సర్దుకుని ఒకచోట కుదురుకుంది. దుఃఖమనుకుంది ఆమె.

"అయితే నువ్వే" అన్నాడు.

ఆమె గోడకు జారబడిపోయింది. అతను లేపలేదు.

విచారణకు పెద్దాఫీసర్లు వచ్చారు. స్టేషన్లో వెయిటింగు రూము ఖాళీ చేయించి, పెద్ద బల్ల వేసి, దాని మీద జంక్షను పటం పరిచారు. ట్యాంకు దగ్గర వంపును ఎర్ర పెన్సిలుతో దిద్దారు. బండి ఎక్కడ నిలబడిందో లీవరుకి తెలిసే ఏర్పాటు లేదన్నారు. ఆగలేని బండిని మళ్లించే ఇసకదిబ్బ లైను లేదన్నారు. ఇన్నేళ్లూ ఇక్కడ ఏమీ జరగకపోవడమే వింత అన్నారు. ఇన్నేళ్లూ ఇక్కడే బతికినవాళ్లు ఆ మాట విని తలలూపారు.

భర్తను పిలిచి అడిగితే, "మర్చిపోయానండీ" అన్నాడు. అంతే అన్నాడు. ఉంగరం గురించి అడిగితే, "వెయ్యడం కూడా మర్చిపోయానండీ" అన్నాడు. సాకులు చెప్పని మనిషిని వాళ్లు అంతకుముందు చూడలేదు కాబోలు, రాసుకుంటున్నాయన కలం ఆపి తలెత్తి చూశాడు. ఉద్యోగం ఊడలేదు. లీవర్ల దగ్గర్నుంచి దించి, పట్టాలు కలిసేచోట గ్రీజు రాసే పనిలో వేశారు. తప్పు ఒప్పుకున్నాడని మనుషులు అతన్ని మెచ్చుకున్నారు. పాసింజరులో పెళ్లాన్ని పోగొట్టుకున్న ఒకాయన, తిడదామని వచ్చినవాడు, అతని చేతులు పట్టుకుని ఏడ్చి వెళ్లాడు.

విచారణలో చెప్పి వచ్చిన రాత్రి అన్నం తింటూ అతను ఆమెతో అన్నాడు: "నీ పేరు నా నోట రాలేదు. రాదు. గుర్తుపెట్టుకో."

ఆమె గుర్తుపెట్టుకుంది. మరిచే వీలు అతను ఇవ్వలేదు.

కొట్టలేదు. అలాంటి మనిషి కాదని కాలనీలో ఇప్పటికీ అంటారు. కూరలో ఉప్పు ఎక్కువైతే, "మనుషులు పోలేదుగా, పర్లేదు" అనేవాడు. ఆమె పక్కింటామెతో ఎక్కువసేపు మాట్లాడితే, లోపలికి రాగానే, "చెప్పేశావా?" అనేవాడు. ఆమె తల్లికి బాగోలేదని కబురొచ్చినప్పుడు, "వెళ్లు. పోయేముందు ఆవిడకి చెప్పు నువ్వేం చేశావో. మనశ్శాంతిగా పోతుంది" అన్నాడు. ఆమె వెళ్లలేదు. తల్లి పోయాక వెళితే, ఇప్పుడొచ్చావా అని తోబుట్టువులు ముఖాలు తిప్పుకున్నారు.

ఆమె అతన్ని అడిగేది ఒకటే. ఏడాదికోసారో రెండుసార్లో, అతను మంచిగా ఉన్నట్టు కనిపించిన పూట, పళ్లెం ముందు పెట్టి అడిగేది.

"ఏమండీ, నేను తియ్యకపోతే ఆగేదా?"

"ఆగేది."

"మీకు తప్పకుండా గుర్తొచ్చేదా?"

"చెయ్యి వేస్తే తగిలేది. తగలలేదు. అంతే కదా. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

ఇంకొక్కసారి చెబితే, ఆ ఒక్కసారి వేరే మాట వస్తుందేమోనని ఆమె ఆశ. దొంగ ఆశ అని ఆమెకే తెలుసు. అయినా ఆ జవాబు కోసమే బతికినట్టుండేది. "ఆగేది కాదు, ఎలాగైనా జరిగేదే" అని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, ఆ మాట మీద తల పెట్టుకుని పడుకుందును అనుకునేది. అడగడానికి వేరే ఎవరూ లేరు. అడిగితే చెప్పినట్టే.

గార్డు పెళ్లాం ఇంటికి వెళ్లమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనంతట తనే వెళ్లింది. మొదట నీళ్లు పట్టి ఇచ్చింది. తరవాత అంట్లు తోమింది. కొన్నాళ్లకి అది పని అయిపోయింది. గార్డు పెళ్లానికి కారణం తెలియదు. జాలిపడి వస్తోందనుకుంది. జాలి రోజూ వస్తే మనిషికి అలవాటైపోతుంది. "ఈ గిన్నెకి జిడ్డు వదల్లేదు చూడు" అనేది. "నిన్న రాలేదేం? ఒంట్లో బాగుందిగా?" అనేది. ఆ రెండో మాటలో ఏ బెంగా ఉండేది కాదు.

కూతురు ప్రమాదం నాటికి చిన్నపిల్ల. పెద్దదైంది, పట్నంలో నర్సు చదువు చదివింది. సెలవుకి వచ్చినప్పుడు ఒకసారి ట్రంకుపెట్టె తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయింది. "అంత మతిమరుపేమిటే, రేపు పేషెంట్లకి మందులెలా ఇస్తావు" అని ఆమె మందలించింది. కూతురు పెట్టెలోంచి తలెత్తకుండానే అంది:

"నువ్వు చెప్పకమ్మా. నాన్న నాకన్నీ చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"క్యారియరు సంగతి. నీ కోసం ఆయన ఆ జిడ్డు పని చేస్తున్నాడు. నాకైతే నీతో ఒకే గదిలో పడుకోవాలంటే..." అని ఆపేసింది. ఆపేసినందుకు తనే మంచిదాన్నన్నట్టు మళ్లీ తాళంచెవి వెతుక్కుంది.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. ఏం చెయ్యడానికి వెళ్లిందో గుర్తు లేక, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. అంటే, నీ పేరు నా నోట రాదన్న మాట కూడా ఉత్తదే. ఆమె ఆ మాట అతన్ని అడగలేదు. అడిగితే, "సొంత కూతురు పరాయిదా?" అంటాడని తెలుసు.

భర్తకు మాత్రం గౌరవం పెరుగుతూ వచ్చింది. కొత్తగా చేరిన వాళ్లకి భద్రత గురించి పాఠాలు చెప్పే హాలు ఒకటి డివిజనులో ఉంది. అక్కడికి అతన్ని పిలవడం మొదలుపెట్టారు. ఏటా వెళ్లేవాడు. బల్ల పక్కన నిలబడి, కాసేపు నేల చూసి, "మర్చిపోయాను. ఒక్క మాటలో చెప్పాలంటే అదే. ఒక మనిషి మర్చిపోతే ఎంతమంది పోతారో నేను చూశాను" అనేవాడు. గొంతు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. కుర్రవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. తరవాత టీ, బిస్కెట్లు. ఇంటికొచ్చి ఆమెతో, "ఇవాళ కూడా నీ పేరు చెప్పలేదు" అనేవాడు.

విచారణలో రాసిన మార్పులు పట్టాల మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. ముందు ట్యాంకు పడగొట్టారు. వంపు సాపు చేశారు. లూపు చివర ఇసకదిబ్బ లైను వేశారు. ఆగని బండి దానిలోకి వెళ్లి ఇసకలో కూరుకుపోతుంది, ఎవరి మీదికీ పోదు. పట్టాల్లోకి కరెంటు పంపారు. బండి నిలబడితే చాలు, కొత్త గదిలోని బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది, మీట దానంతటదే బిగుసుకుంటుంది. నొక్కినా నొక్కుకోదు. ఇక మనిషి ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చివరకు పాత కేబిన్లు రెండూ పడగొట్టడానికి మనుషులొచ్చారు.

ఆమె గార్డు పెళ్లాం ఇంటికి పోతూ ఆ గొడవకి దారిలో ఆగింది. ఉత్తరపు కేబినుకి గోడలు తీసేశారు. మేడ మీది గది నాలుగువైపులా తెరుచుకుని, బట్టలిప్పిన మనిషిలా నిలబడి ఉంది. పైన ఇద్దరు గ్యాసుతో లీవర్లు కోసి వాలుగా వేసిన చెక్క పలక మీంచి కిందికి జారుస్తున్నారు. కింద పాత స్లీపరు దుంగల గుట్ట మీద ఈలాయన కూర్చుని ఉన్నాడు. రిటైరై చాలా కాలమైంది. ఎవరూ పిలవకుండానే వచ్చి పని చేయిస్తున్నాడు.

"రా చెల్లెమ్మా. మా కాళ్లూ చేతులూ విరిచి లారీకెత్తుతున్నారు, చూద్దువుగాని."

"ఎక్కడికి తీసుకెళ్తారన్నయ్యా?"

"కరిగిస్తారు. బకెట్లో మేకులో ఏదో ఒకటవుతాయి. నేనే, ఏమీ అవకుండా ఇలా కూర్చున్నాను."

ఆమె పైకి చూసింది. లీవర్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఎండ గది ఇటు చివరన పడుతోంది. అటు చివరన, వెనకున్న ఎత్తైన రేకుల షెడ్డు నీడ.

"అన్నయ్యా, లూపు లీవరు ఏది?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. లీవరు అంటే లీవరే అనుకుంది.

ఈలాయన కర్రతో చూపించాడు. "అదిగో, ఆ కొసది. ఫోను గోడ పక్కది. ఏడాది పొడుగునా నీడే దానికి. చలికాలం ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి."

"కిటికీ దగ్గరది కాదా?"

"ఏ కిటికీ?"

"గుమ్మం పక్కది. ఎండ పడేది."

ఈలాయన పెద్దగా నవ్వి, నవ్వుతో పాటు దగ్గి, ఊసి, "అదా! అది నూనె షెడ్డు లైనుది. షెడ్డు కూలిపోయి మీ అమ్మాయి వయసంత కాలమైంది. దానికి అడుగున తీగ కూడా లేదమ్మా. మేం చొక్కాలు తగిలించుకునేవాళ్లం దానికి" అన్నాడు.

పైనుంచి ఒక లీవరు పలక మీద జారి, గుట్టలో పడి, చాలాసేపు మోగింది.

"ఆ కొసది గుమ్మంలోంచి చెయ్యి చాస్తే అందుతుందా?"

"నీకా? నాకే అందదు. గది పొడుగంతా నడవాలి. చెయ్యి కాదు, గెడ కావాలి." అప్పుడు ఆమె వైపు తిరిగాడు. "ఎందుకమ్మా?"

"ఊరికే అన్నయ్యా."

అరచేయి చూసుకుంది. ఆ రోజు పిడి కాలింది. చేతిగుడ్డ చుట్టింది. గుమ్మం దాటలేదు. ఈ మూడూ ఆమెకు ఎప్పుడూ తెలిసినవే. పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

పొద్దున నిండు క్యారియరు తనే ఇచ్చింది. గూడ్సు రాగానే అతను దాన్నే తీసుకెళ్లి లూపు లీవరుకి తగిలించి ఉంటాడు. వేరేది లేదు. తరవాత ఆకలేసింది. గుర్తుగా పెట్టిన దాన్ని తీసుకుని కిటికీ దగ్గరకొచ్చి, ఎండలో కూర్చుని తిన్నాడు. తిన్నాక చేతికందిన లీవరుకి, చొక్కా తగిలించినట్టు తగిలించాడు. ఆమె మెట్లెక్కేసరికే లూపు లీవరు బోసిగా ఉంది.

అంతవరకూ మనిషి చేసే పొరపాటే. వంటింట్లో పీట లాక్కుని కూర్చుని, ఆమె ముఖంకేసి చూసిన ఆ కాసేపు మాత్రం పొరపాటు కాదు.

ఆమె గార్డు పెళ్లాం ఇంటికి వెళ్లింది. తొట్టి ముందు కూర్చుని రెండు గిన్నెలు తోమింది. మూడోదానికి మట్టి రాసి, కడగకుండా కింద పెట్టి లేచింది.

"అదేంటే, సగంలో లేచావు?"

"నా వంతు అయిపోయిందొదినా."

"వంతేంటి? ఎవరితో వంతు నీకు?" అని గార్డు పెళ్లాం వీధి గుమ్మం దాకా వచ్చి అరిచింది. ఆమె వెనక్కి తిరగలేదు. రోజూ వచ్చి నాలుగు గిన్నెలు తోమినంత మాత్రాన ఇంత పొగరా అని ఆ వరసంతా వినిపించేలా అంది. కాలనీ ఆ మాటే నమ్మింది.

మరునాడు మధ్యాహ్నం ఆమె క్యారియరు తీసుకుని గ్రీజువాళ్ల రేకుల గది దగ్గరకు వెళ్లింది. భర్త లోపల కాగితం పట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. కొత్త కేబిను తెరిచే సభ రేపు. అతను మాట్లాడాలి. ఆమె లోపలికి పోలేదు. బయట ఎండలో పట్టా మీద క్యారియరు పెట్టి, తను పక్కనే నీడ చూసుకుని కూర్చుంది. చాలాసేపటికి అతనే బయటికొచ్చాడు.

"వచ్చి ఎంతసేపైంది? పిలవొద్దూ?"

వంగి పిడి పట్టుకుని వెంటనే వదిలేశాడు. క్యారియరు పక్కకు ఒరిగి మూత దొర్లింది.

"ఇంత కాలుతోందేంటే! ఎండలో పెడతారా ఎవరైనా?"

"ఆ రోజు కూడా ఇలాగే కాలిందండీ. కిటికీ పక్కన ఎండ కదా."

అతను వేళ్లు ఊదుకోవడం ఆపాడు.

"లూపు లీవరు మీద ఎండ పడదటగా" అంది ఆమె. "ఏడాది పొడుగునా నీడేనట. గుమ్మంలోంచి అందదట కూడా."

దూరంగా ఎవరో పట్టా మీద సుత్తితో కొడుతున్నారు. అతను ఆ వైపు చూశాడు. 

"ఎవరు చెప్పారు?"

ఆమె ఒరిగిన క్యారియరును నిలబెట్టింది.

"చూడు, అప్పుడు నా తలకాయ పనిచెయ్యలేదు. నువ్వు తీశానన్నావు. నేను అడగ్గానే తీశానన్నావు. నాకేం తెలుసు, నాకు మాత్రం..." గొంతు ఆగాల్సిన చోట ఆగలేదు, ఎక్కడపడితే అక్కడ ఆగింది. "అమ్మాయికి చెబుతావా?"

ఆమె దొర్లిన మూత తీసి, దుమ్ము తుడిచి, క్యారియరు మీద పెట్టింది. లేచి నిలబడింది.

"మీ పేరు నా నోట రాదు. గుర్తుపెట్టుకోండి."

సభ కొత్త కేబిను ముందు షామియానా కింద జరిగింది. ఆఫీసర్లు దండలు వేయించుకున్నారు. ఎర్రదీపం వెలిగించి చూపించారు. లూపులో ఒక ఖాళీ పెట్టె నిలబెట్టి, మీట నొక్కితే కదలకపోవడం చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత అతన్ని పిలిచారు.

ఆమె ముందు వరసలో కూర్చుంది. కూతురు సెలవు పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. పెద్ద క్యారియరు ఆమె ఒళ్లో ఉంది. "ఇక్కడికి కూడా ఎందుకమ్మా అది? పరువు తీస్తావు" అంది కూతురు. "నాన్నకి ఆకలేస్తే తినడానికి" అంది ఆమె.

అతను మైకు ముందుకొచ్చాడు. నేల చూసి, తలెత్తాడు. "మర్చి..." అన్నాడు. ఒళ్లోని క్యారియరు కనిపించింది. మళ్లీ, "మర్చి..." అన్నాడు. నోరు తెరుచుకునే ఉంది.  చెంపల మీదుగా చెమట కారింది. ఆఫీసరు లేచి అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నేళ్లయినా ఆ బాధ చూడండి" అని మైకులో చెప్పాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూతురు ఏడ్చింది. ఏడుస్తూ తల్లి నుంచి కాస్త దూరం జరిగి కూర్చుంది.

ఆమె ఆ జరగడం చూసింది. ఒక్క మాటతో ఆ పిల్లను దగ్గరకు లాక్కోవచ్చు. ఆ మాట నోట్లోనే ఉంది. దాన్ని అక్కడే ఉంచుకుంది.

ఇప్పుడు అతను రిటైరయ్యాడు. భద్రత పాఠాలకు పిలిస్తే ఒంట్లో బాగోలేదంటున్నాడు. పట్నం నుంచి కూతురు ఫోను చేస్తే, ఆమె మాట్లాడినంతసేపూ తలుపు పక్కన నిలబడి వింటాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే నోరెత్తకుండా తింటాడు. ఒక్కోసారి ఆమె కావాలనే ఎక్కువ వేస్తుంది.

కూతురు వచ్చి వెళ్లిన ప్రతి సాయంత్రమూ వంటింటి గుమ్మం దాకా వస్తాడు. లోపలికి రాడు. అక్కడే నిలబడి అడుగుతాడు.

"చెప్పావా?"

ఆమె పొయ్యి మీది గిన్నెలో గరిటె తిప్పుతుంది. తొందరపడదు. కూర అడుగంటుతోందేమో వంగి చూసుకుంటుంది.

"ఇంకా లేదండీ" అంటుంది.